తొలి పర్సనల్ కంప్యూటర్ల ఆపరేటింగ్ సిస్టమ్‌లలో అన్ని పరిమితులు ఎందుకు? తరచుగా అడిగే ప్రశ్నలు

పాత ప్రోగ్రాములను ఎమ్యులేటర్‌లో (పాత యంత్రాన్ని అనుకరించే ప్రోగ్రాములో) నడిపి చూసేవాళ్ళు, కంప్యూటర్ చరిత్ర చదివే విద్యార్థులు, ఆ యంత్రాల మీద పనిచేసి ఇప్పుడు కారణాలు తెలుసుకోవాలనుకునేవాళ్ళు దాదాపు ఇవే సందేహాలు అడుగుతుంటారు. అందుకే వాటిని ఒకచోట చేర్చాను. ఏ ప్రశ్నకు జవాబు ఆ ప్రశ్న కిందే పూర్తిగా ఉంటుంది కాబట్టి మీకు కావలసినదానికి నేరుగా వెళ్ళవచ్చు. లెక్కల్లో కేబీ అంటే 1,024 బైట్లు, ఎంబీ అంటే 1,024 కేబీ.

## తయారీ దశ: చేతికందిన యంత్రం

పెద్ద కంప్యూటర్లలో 1960లలోనే మెమరీ రక్షణ, ఒకేసారి అనేక పనులు చేసే పద్ధతి ఉన్నాయి కదా! పీసీలు చేసినవాళ్ళకు ఆ సంగతి తెలియదా?

బాగా తెలుసు. మాంచెస్టర్‌లోని అట్లాస్ యంత్రంలో 1962 నాటికే వర్చువల్ మెమరీ (ఉన్నదానికంటే ఎక్కువ మెమరీ ఉన్నట్టు ప్రోగ్రాముకు చూపే పద్ధతి) ఉంది. అమెరికాలోని ఎంఐటీలో సీటీఎస్ఎస్ అనే వ్యవస్థను 1961లోనే నడిపి చూపించారు. అందులో ఒకే యంత్రాన్ని చాలామంది ఒకేసారి వాడేవారు. తొలి చిన్న కంప్యూటర్ల ఆపరేటింగ్ సిస్టమ్ సీపీ/ఎం రాసిన గ్యారీ కిల్డాల్ కంప్యూటర్ సైన్స్‌లో పీహెచ్‌డీ చేసి, నౌకాదళ విద్యాసంస్థలో పాఠాలు చెప్పినవాడు. ఆయనకు ఇవన్నీ పాఠ్యాంశాలే.

ఒక ప్రోగ్రాము మరొక ప్రోగ్రాము మెమరీని తాకకుండా ఆపడం సాఫ్ట్‌వేర్ ఒక్కదానివల్ల అయ్యే పని కాదు. ప్రోగ్రాము ఇచ్చే ప్రతి చిరునామానూ ప్రాసెసరే పరిశీలించి, హద్దు దాటితే ఆపాలి. ఇంటెల్ 8080, జైలాగ్ జెడ్80, ఐబీఎం పీసీలో పెట్టిన 8088 చిప్పుల్లో ఆ ఏర్పాటు లేదు. ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఒక హోదా, మామూలు ప్రోగ్రాముకు మరో హోదా అనే తేడా కూడా వాటికి తెలియదు. ఏ ప్రోగ్రామైనా ఏ చిరునామాలోనైనా రాయగలదు, ఇంటరప్టులను (ప్రాసెసర్‌ను వెంటనే తమవైపు తిప్పుకునే సంకేతాలను) ఆపేయగలదు. అలాంటి చిప్పు మీద ఎంత గొప్ప ఆపరేటింగ్ సిస్టమ్ రాసినా, నడుస్తున్న ప్రోగ్రాము మర్యాదగా ఉన్నంతవరకే దాని మాట చెల్లుతుంది.

మరి రక్షణ ఉన్న హార్డ్‌వేర్ పెట్టి చేయొచ్చు కదా? ఎవరూ ప్రయత్నించలేదా?

ప్రయత్నించారు. ఆపిల్ 1983 జనవరిలో లీసా తెచ్చింది. అందులో మోటరోలా 68000 ప్రాసెసర్, దానికి తోడు ఆపిల్ సొంతంగా చేసుకున్న మెమరీ నిర్వహణ సర్క్యూట్లు, 1 ఎంబీ మెమరీ ఉన్నాయి. ప్రోగ్రాములకు మెమరీ రక్షణ ఉంది, కిటికీలు ఉన్నాయి, మౌస్ ఉంది. ధర 9,995 డాలర్లు. అది పెద్దగా అమ్ముడుపోలేదు.

ఏడాది తర్వాత, 1984 జనవరిలో, అదే కంపెనీ మ్యాకింటోష్ తెచ్చింది. ప్రాసెసర్ అదే 68000. మెమరీ 128 కేబీకి తగ్గింది, రక్షణ సర్క్యూట్లు పోయాయి, ఒక సమయంలో ఒకే ప్రోగ్రాము. ధర 2,495 డాలర్లు. ప్రజల చేతుల్లోకి వెళ్ళింది ఇదే.

తొలి ఆపరేటింగ్ సిస్టమ్‌లను చేతకానితనంగా చూసేవాళ్ళు ఈ రెండు యంత్రాలనూ పక్కపక్కన పెట్టి చూడాలని నా కోరిక. ఒకే కంపెనీ, ఒకే ప్రాసెసర్, ఇంచుమించు ఒకే కాలం. తేడా తెచ్చింది ధర.

సీపీ/ఎం అసలు ఏమేం చేసేది? దాన్ని ఆపరేటింగ్ సిస్టమ్ అనొచ్చా?

అనవచ్చు. కాకపోతే దాని పని చాలా చిన్నది. 1974లో కిల్డాల్ దీన్ని 8080 కోసం రాశాడు. డిస్కులో ఫైళ్ళను పేర్లతో దాచడం, తీయడం, కీబోర్డు నుంచి అక్షరాలు తీసుకుని తెర మీదకు పంపడం, ప్రోగ్రామును మెమరీలోకి ఎక్కించి నడపడం, ఇంతే. బొమ్మల గురించి, ప్రింటర్ రకాల గురించి దానికేమీ తెలియదు.

మెమరీ ఎంత ఇరుకంటే, ఆదేశాలు అందుకునే భాగం తాను ఉన్న చోటును కూడా నడుస్తున్న ప్రోగ్రాముకు వదిలిపెట్టేది. ప్రోగ్రాము ముగిశాక ఆ భాగాన్ని డిస్కు నుంచి మళ్ళీ ఎక్కించుకునేవారు. ఐబీఎం పీసీ ఆపరేటింగ్ సిస్టమ్ అయిన డాస్‌లో ఆదేశాలు అందుకునే కమాండ్.కామ్ కూడా తన శరీరంలో పెద్ద భాగాన్ని ఇలాగే వదులుకునేది.

ఇందులో ఒక గొప్ప ఆలోచన ఉంది. యంత్రాన్ని బట్టి మారే కోడ్‌ను బయోస్ అనే చిన్న భాగంగా విడదీసి, మిగతాదంతా అన్ని యంత్రాల్లో ఒకేలా ఉంచారు. వేర్వేరు కంపెనీల యంత్రాల మీద ఒకే ప్రోగ్రాము నడవడానికి దారి వేసింది అదే.

డాస్ అంటే సీపీ/ఎంకి నకలేనా?

పైకి కనిపించేది చాలావరకు దాని పోలికే, లోపల కొన్ని ముఖ్యమైన తేడాలున్నాయి. సియాటిల్ కంప్యూటర్ ప్రొడక్ట్స్ అనే చిన్న కంపెనీ 8086 బోర్డులు చేసింది. వాటికి ఆపరేటింగ్ సిస్టమ్ లేదు. 8086 కోసం రావలసిన సీపీ/ఎం ఆలస్యమైంది. అక్కడ పనిచేసే టిమ్ ప్యాటర్సన్ 1980లో సొంతంగా 86-డాస్ రాశాడు. సీపీ/ఎం ప్రోగ్రాములను కొద్ది శ్రమతో ఇటు మార్చుకోగలిగేలా సిస్టమ్ కాల్స్‌ను (ప్రోగ్రాములు ఆపరేటింగ్ సిస్టమ్‌ను పని అడిగే పిలుపులను) కావాలనే దాని తీరులో ఉంచాడు. ఫైళ్ళను డిస్కు మీద అమర్చే పద్ధతి మాత్రం వేరు. అది మైక్రోసాఫ్ట్ డిస్క్ బేసిక్‌లో అప్పటికే ఉన్న ఫ్యాట్ పద్ధతి, అంటే ఏ ఫైలు ముక్కలు డిస్కులో ఎక్కడున్నాయో ఒక పట్టికలో రాసుకోవడం.

1981 జులైలో మైక్రోసాఫ్ట్ దాన్ని కొనేసింది. ఆగస్టు 12న ఐబీఎం పీసీ వచ్చింది. సీపీ/ఎం అలవాట్లు, దాని ఇరుకుతో సహా, అలా కొత్త యంత్రంలోకి వచ్చిపడ్డాయి. కొత్త యంత్రం మీద మొదటి రోజు నుంచే ప్రోగ్రాములు ఉండాలంటే పాత ప్రోగ్రాములకు దగ్గరగా ఉండక తప్పదు.

అప్పటికే యూనిక్స్ ఉంది కదా. దాన్నే పెట్టి ఉంటే సరిపోయేది కదా?

మైక్రోసాఫ్ట్ దగ్గరే 1980 నుంచి జీనిక్స్ పేరుతో యూనిక్స్ (ఒకే యంత్రాన్ని చాలామంది వాడుకోగల ఆపరేటింగ్ సిస్టమ్) ఉంది. కానీ 1981 ఐబీఎం పీసీ 1,565 డాలర్ల మూల ధరకు 16 కేబీ మెమరీతో వచ్చేది. ఆ ధరలో ఫ్లాపీ డ్రైవ్ కూడా లేదు, క్యాసెట్ టేపు తగిలించే సాకెట్ ఉండేది. ఫ్లాపీ విడిగా కొనుక్కుంటే అందులో పట్టేది 160 కేబీ. యూనిక్స్‌కు హార్డ్ డిస్కు కావాలి, చాలా రెట్లు మెమరీ కావాలి, రక్షణ కావాలి. ఆ యంత్రంలో మూడూ లేవు.

## మెమరీ గురించి

640 కేబీ హద్దు ఎక్కడి నుంచి వచ్చింది? డాస్‌లోని లోపమా?

డాస్ పెట్టిన హద్దు కాదు. 8088కి 20 చిరునామా తీగలు ఉంటాయి. 2ను 20 సార్లు గుణిస్తే 1,048,576, అంటే 1 ఎంబీ. ప్రాసెసర్ చూడగలిగేది అంతే. మామూలు మెమరీ (రామ్), తెర మెమరీ, చెరిగిపోని మెమరీ అయిన రోమ్‌లో ఉండే బయోస్, విడిగా తగిలించే కార్డులు, అన్నీ ఆ 1 ఎంబీలోనే సర్దుకోవాలి.

ఎవరు ఎక్కడ ఉండాలో ప్రాసెసర్ తీరు కొంత నిర్ణయించింది. ఇంటరప్టుల పట్టిక మొదటి 1,024 బైట్లలో ఉంటుంది కాబట్టి కింది భాగంలో రామ్ ఉండాలి. కరెంటు ఇవ్వగానే 8088 తన మొదటి ఆదేశాన్ని చిరునామాల కొసకు 16 బైట్ల కింద వెతుకుతుంది కాబట్టి పై కొసలో రోమ్ ఉండాలి. ఐబీఎం ఇంజనీర్లు పైన 384 కేబీని తెర మెమరీకి, కార్డులకు, రోమ్‌కు కేటాయించారు. కింద 640 కేబీ మిగిలింది.

ఐబీఎం అమరికకు కట్టుబడని కొన్ని యంత్రాల్లో డాస్ 640 కేబీ దాటి కూడా వాడుకోగలిగింది. హద్దు యంత్రానిదని చెప్పడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. పైగా అప్పటి 8-బిట్ యంత్రాలు నేరుగా చూడగలిగేది 64 కేబీ. దానికి పది రెట్లు ఇవ్వడం 1981లో ఉదారమైన నిర్ణయమే. గీత ఎక్కడ గీసినా, ప్రోగ్రాములు ఆ గీతను నమ్ముకున్నాక దాన్ని జరపడం సాధ్యం కాలేదు.

“640 కేబీ ఎవరికైనా సరిపోతుంది” అని బిల్ గేట్స్ నిజంగా అన్నాడా?

అన్నట్టు ఆధారం ఎక్కడా దొరకలేదు. తాను ఆ మాట అనలేదని ఆయన స్పష్టంగా చెప్పాడు. దయచేసి వ్యాసాల్లో, పాఠాల్లో దాన్ని వాడకండి. దానివల్ల మనుషుల దూరదృష్టి లోపమే కారణమన్న తప్పు అభిప్రాయం నాటుకుపోయి, అసలు కారణమైన 20 తీగల సంగతి మరుగున పడిపోతుంది.

64 కేబీ ముక్కలతో ప్రోగ్రామర్లు ఎందుకు అంత బాధపడ్డారు?

8088లోని రిజిస్టర్లు 16 బిట్లవి. ఒక రిజిస్టరుతో చూపించగలిగేది 64 కేబీ మాత్రమే. 1 ఎంబీని అందుకోవడానికి ఇంటెల్ రెండు సంఖ్యల పద్ధతి పెట్టింది. సెగ్మెంట్ సంఖ్యను 16తో గుణించి, దానికి ఆఫ్‌సెట్ సంఖ్యను కలిపితే అసలు చిరునామా వస్తుంది. 64 కేబీ లోపు ప్రోగ్రాముకు ఇది హాయిగా ఉండేది. ఒక పట్టికో, ఒక బొమ్మో అంతకు మించితే మాత్రం ప్రతిసారీ సెగ్మెంటు మార్చుకోవాలి. సీ భాష కంపైలర్లలో చిన్న, మధ్యస్థ, పెద్ద మెమరీ నమూనాలంటూ ఎంచుకోవలసి వచ్చింది ఇందుకే. ఒకే చిరునామాను వేల రకాలుగా రాయవచ్చు కాబట్టి రెండు పాయింటర్లు (చిరునామాలు దాచుకునే విలువలు) ఒకటేనా అని పోల్చడం కూడా చిక్కే.

ఎక్స్‌పాండెడ్, ఎక్స్‌టెండెడ్ అని రెండు రకాల మెమరీ ఎందుకు?

రెండూ 640 కేబీ ఇరుకుకు వేసిన అతుకులే. దారులు వేరు.

ఎక్స్‌పాండెడ్ మెమరీని లోటస్, ఇంటెల్, మైక్రోసాఫ్ట్ కలిసి 1985లో నిర్ణయించాయి. కార్డు మీద మెమరీ ఎంతైనా ఉండొచ్చు, ప్రాసెసర్‌కు మాత్రం ఒకసారి 64 కేబీ కిటికీ గుండా కొంత భాగమే కనిపిస్తుంది. మరో భాగం కావాలంటే కిటికీ వెనక పేజీలు మార్చుకోవాలి. పెద్ద స్ప్రెడ్‌షీట్లు వాడేవాళ్ళకు ఇది ప్రాణం పోసింది. ఎక్స్‌టెండెడ్ మెమరీ అంటే 8088 తర్వాత ఇంటెల్ తెచ్చిన 286, ఆపై ప్రాసెసర్లు 1 ఎంబీకి పైన నిజంగా చూడగలిగే మెమరీ. రియల్ మోడ్‌లో (పాత 8088 తీరులో) నడిచే డాస్‌కు అది నేరుగా అందదు, అందుకే హైమెమ్.సిస్ లాంటి డ్రైవర్లు వచ్చాయి.

ఏ20 అనే పేరు బూట్ మెసేజీల్లో కనిపించేది. అదేమిటి?

21వ చిరునామా తీగ. లెక్క సున్నా నుంచి మొదలవుతుంది కాబట్టి దాని సంఖ్య 20. 8088లో చిరునామా 1 ఎంబీ దాటితే తిరిగి సున్నాకు చుట్టుకునేది. కొన్ని ప్రోగ్రాములు ఆ చుట్టుకోవడం మీదే ఆధారపడ్డాయి. 286కు 24 తీగలు ఉన్నందున అది చుట్టుకోదు, ఆ ప్రోగ్రాములు చెడిపోతాయి. అందుకని ఐబీఎం 1984 పీసీ ఏటీలో ఆ తీగను బలవంతంగా సున్నా దగ్గర పట్టి ఉంచే ద్వారం పెట్టింది. ద్వారం తెరిచే మీటను కీబోర్డు కంట్రోలర్ చిప్పుకు అప్పగించింది, ఎందుకంటే అందులో ఒక పిన్ను ఖాళీగా ఉంది. కొద్ది ప్రోగ్రాముల కోసం చేసిన ఈ సర్దుబాటును ఆ తర్వాత వచ్చిన పీసీలన్నీ ఏళ్ళ తరబడి మోశాయి.

## ఫైళ్ళు, డిస్కుల దశ

ఫైలు పేరు 8 అక్షరాలు, చుక్క తర్వాత 3. ఈ లెక్క ఎవరు పెట్టారు?

సీపీ/ఎం నుంచి వచ్చింది. డైరెక్టరీలో, అంటే డిస్కులోని ఫైళ్ళ జాబితాలో, ఒక్కో ఫైలుకు 32 బైట్ల గడి ఉండేది. పేరు, పొడవు, డిస్కులో ఎక్కడుందో, అన్నీ అందులోనే ఇమడాలి. పేరుకు 11 బైట్లు దక్కాయి. ఫ్యాట్‌లో కూడా గడి 32 బైట్లే. 160 కేబీ ఫ్లాపీలో 64 గడులు, అంటే మొత్తం 2 కేబీ. ఒక్కో పేరుకు 255 అక్షరాలు ఇచ్చి ఉంటే ఆ 64 పేర్లే ఫ్లాపీలో పదో వంతును తినేసేవి.

తర్వాత పొడవైన పేర్లు వచ్చినప్పుడు పాత ప్రోగ్రాములు ఎలా నడిచాయి?

విండోస్ 95లో దీనికి చేసిన ఉపాయం నాకు చాలా ఇష్టం. పొడవైన పేరును ముక్కలు చేసి, మామూలు 32 బైట్ల గడుల్లోనే పెట్టారు. ఆ గడులకు ‘రీడ్ ఓన్లీ’, ‘హిడెన్’, ‘సిస్టమ్’, ‘వాల్యూమ్ లేబుల్’ అనే నాలుగు గుర్తులూ ఒకేసారి తగిలించారు. నిజమైన ఫైలుకు ఇవన్నీ కలిసి ఉండవు కాబట్టి పాత ప్రోగ్రాములు వాటిని పట్టించుకోకుండా దాటిపోయేవి. వాటికోసం 8.3 కొలతలో ఒక పొట్టి పేరును కూడా ఉంచారు. పేరు మధ్యలో ~1 అని కనిపించేది అదే.

మొదటి డాస్‌లో ఫోల్డర్లు లేవట, నిజమేనా?

నిజమే. 64 ఫైళ్ళు పట్టే ఫ్లాపీకి ఫోల్డర్ల అవసరం రాలేదు. 1983లో 10 ఎంబీ హార్డ్ డిస్కుతో పీసీ ఎక్స్‌టీ వచ్చినప్పుడు డాస్ 2.0లో ఒకదానిలో ఒకటి ఉండగల డైరెక్టరీలు, అంటే ఫోల్డర్లు, చేర్చారు. తొలి మ్యాకింటోష్‌లో ఫోల్డర్లు కనిపించేవి కానీ డిస్కు మీద ఫైళ్ళన్నీ ఒకే వరుసలో ఉండేవి. అసలైన ఫోల్డర్ల అమరిక 1985లో హెచ్ఎఫ్ఎస్‌తో వచ్చింది.

యూనిక్స్‌లో ముందుకు వాలిన గీత, డాస్‌లో వెనక్కి వాలిన గీత. ఎందుకీ తేడా?

డైరెక్టరీలు లేని డాస్ 1.0లోనే ముందుకు వాలిన గీతను ఆదేశాల ఐచ్ఛికాలకు వాడేశారు. 2.0లో డైరెక్టరీలు వచ్చేసరికి ఆ గుర్తు ఖాళీగా లేదు, జనం రాసుకున్న బ్యాచ్ ఫైళ్ళను (వరుసగా నడిచే ఆదేశాల ఫైళ్ళను) చెడగొట్టలేరు. అందుకని రెండో గీతను తీసుకున్నారు.

విండోస్‌లో “కాన్” అనే పేరుతో ఫోల్డర్ చేయలేమంటారు. ఇందులో ఏదైనా రహస్యం ఉందా?

రహస్యమేమీ లేదు. కాన్ అంటే కన్సోల్, పీఆర్ఎన్ అంటే ప్రింటర్, ఏయూఎక్స్, ఎన్‌యూఎల్ కూడా ఇలాంటివే. ఇవి పరికరాల పేర్లు. ఫైలును ‘కాన్’కు కాపీ చేస్తే తెర మీద కనిపించేది. డైరెక్టరీలు లేని రోజుల్లో ఈ పేర్లు డిస్కంతటికీ వర్తించేవి. డైరెక్టరీలు వచ్చాక, పాత ప్రోగ్రాములు ఎక్కడి నుంచి పిలిచినా పనిచేయాలి కాబట్టి ప్రతి డైరెక్టరీలోనూ ఆ పేర్లు ఉన్నట్టే చూశారు. ఆ నియమం అలాగే కొనసాగింది.

హార్డ్ డిస్కును 32 ఎంబీ ముక్కలుగా ఎందుకు చేయాల్సి వచ్చేది?

డిస్కును సెక్టార్లు అనే చిన్న ముక్కలుగా లెక్కపెడతారు. సెక్టార్ సంఖ్యకు డాస్ 16 బిట్లు కేటాయించింది. 65,536 సెక్టార్లు, ఒక్కొక్కటి 512 బైట్లు, మొత్తం 32 ఎంబీ. ఫ్లాపీలను దృష్టిలో పెట్టుకుని చూస్తే అది కొండంత. 1988లో డాస్ 4.0 ఆ హద్దును తీసేసింది. కాంపాక్ తన డాస్ 3.31లో అంతకుముందే తీసేసింది.

పాత పీసీ ఆన్ చేయగానే తేదీ, టైము అడిగేది. ఎందుకు?

1981 పీసీలో బ్యాటరీతో నడిచే గడియారం లేదు. కరెంటు పోతే తేదీ పోయేది. 1984లో పీసీ ఏటీతో ఆ గడియారం మదర్‌బోర్డు మీదకు వచ్చింది.

ఫ్యాట్‌లో తేదీకి 16 బిట్లు, సమయానికి 16 బిట్లు ఇచ్చారు. గంటకు 5, నిమిషానికి 6 పోగా సెకన్లకు మిగిలింది 5 బిట్లే. వాటిలో 32 విలువలే పడతాయి, అందుకని సెకన్లను రెండేసి చొప్పున లెక్కపెట్టారు. సంవత్సరానికి 7 బిట్లు, లెక్క 1980 నుంచి మొదలు. అది 2107 వరకు సరిపోతుంది.

## వాడకం దశ: ప్రోగ్రాములు, క్రాష్‌లు

ఒకేసారి ఒకే ప్రోగ్రాము ఎందుకు నడిచేది?

మెమరీలో రెండిటికి చోటు లేకపోవడం మొదటి కారణం. రెండోది డాస్ నిర్మాణమే. ఒక ప్రోగ్రాము డాస్‌ను ఏదో పని అడిగి అది సగంలో ఉండగా, మరో ప్రోగ్రాము మళ్ళీ డాస్‌ను పిలిస్తే లోపలి లెక్కలన్నీ కలగాపులగం అయిపోతాయి. ఒక్కరే పిలుస్తారన్న నమ్మకంతో రాసిన కోడ్ అది.

అయినా అవసరం ఆగలేదు. 1984లో బోర్లాండ్ సైడ్‌కిక్ తెచ్చింది. ఏ ప్రోగ్రాములో ఉన్నా ఒక మీట నొక్కితే నోట్‌ప్యాడ్, క్యాలిక్యులేటర్ తెర మీదకు వచ్చేవి. ఇలాంటి ప్రోగ్రాములు మెమరీలో నక్కి ఉండి, డాస్ ఖాళీగా ఉందా లేదా అని తెలిపే ఒక బైటును చూసుకుంటూ పనిచేసేవి. ఆ బైటు గురించి మైక్రోసాఫ్ట్ మాన్యువల్‌లో లేదు. ప్రోగ్రామర్లు తవ్వి కనుక్కున్నదే.

ప్రోగ్రాములు ఆపరేటింగ్ సిస్టమ్‌ను పక్కన పెట్టి నేరుగా హార్డ్‌వేర్‌ను ఎందుకు తాకేవి?

వేగం కోసం. డాస్ ద్వారా గానీ, బయోస్ ద్వారా గానీ తెర మీద అక్షరాలు రాయిస్తే అవి ఒక్కొక్కటిగా పాకుతున్నట్టు కనిపించేవి. తెర మెమరీలో నేరుగా రాస్తే పేజీ మొత్తం కళ్ళ ముందు ఒక్కసారిగా ప్రత్యక్షమయ్యేది. 1983 జనవరిలో వచ్చిన లోటస్ 1-2-3 అనే స్ప్రెడ్‌షీట్ ఇలాగే నేరుగా రాసింది, దాని వేగమే దాన్ని గెలిపించింది.

ఈ ఒక్క అలవాటు వల్ల జరిగినదాన్ని తక్కువగా అంచనా వేస్తుంటారు. తెర మెమరీ ఏ చిరునామాలో ఉందన్నది ఇంజనీర్లు లోపల మార్చుకోగలిగే విషయంగా ఉండాలి. ప్రోగ్రాములన్నీ ఆ సంఖ్యను తమలో రాసేసుకోవడంతో అదే బయటి ప్రపంచానికి ఇచ్చిన ఒప్పందమైపోయింది. డాస్ నడిచే యంత్రం అయితే చాలదు, లోపలి ప్రతి చిప్పూ ఐబీఎం పెట్టిన చోటే ఉండాలి. ఒక యంత్రం ఐబీఎంకు నిజంగా అనుకూలమా కాదా అని తేల్చడానికి 1-2-3, ఫ్లైట్ సిమ్యులేటర్ నడుస్తున్నాయా లేదా అని చూసేవారు. మొదట్లో డాస్‌తో వచ్చి, లోపలి అమరిక వేరుగా పెట్టుకున్న యంత్రాలు, కొన్ని ఐబీఎం కంటే మెరుగైనవే అయినా, క్రమంగా కనుమరుగయ్యాయి.

నా దృష్టిలో తొలి డాస్‌లో నిజంగా తప్పించుకోగలిగిన లోపం ఇదే. తెర మీద వేగంగా రాసే అధికారిక దారి ఒకటి మొదటే ఇచ్చి ఉంటే, ఆ తర్వాత పదేళ్ళపాటు మార్పులు చాలా తేలికయ్యేవి.

ఒక ప్రోగ్రాము పడిపోతే మొత్తం యంత్రమే ఎందుకు ఆగిపోయేది?

ప్రోగ్రాముకు, ఆపరేటింగ్ సిస్టమ్‌కు మధ్య గోడ లేదు కాబట్టి. కోడ్‌లో ఒక పాయింటర్ తప్పితే అది ఇంటరప్టుల పట్టిక మీద రాయొచ్చు, డాస్ మీదే రాయొచ్చు. ఆ తప్పు పట్టుకునేవాళ్ళు ఎవరూ ఉండరు. మ్యాకింటోష్‌లో బాంబు బొమ్మ, కమోడోర్ కంపెనీ కంప్యూటర్ అమీగాలో గురు మెడిటేషన్ సందేశం కనిపించేవి. కొన్నిసార్లు అదీ లేకుండా తెర బిగుసుకుపోయేది.

అమీగాలో 1985లోనే నిజమైన మల్టీటాస్కింగ్ (ఒకేసారి అనేక ప్రోగ్రాములు నడపడం) ఉంది కదా. అదెలా సాధ్యమైంది?

కార్ల్ సాసెన్‌రాత్ రాసిన ఎగ్జెక్ అనే కేంద్ర భాగం ప్రోగ్రాముల అనుమతితో పనిలేకుండా ప్రాసెసర్‌ను ఒకదాని నుంచి మరోదానికి మార్చేది. అది 256 కేబీ యంత్రంలో నడవడం నిజంగా అబ్బురం. దాని రహస్యం రక్షణను వదులుకోవడంలో ఉంది. ప్రోగ్రాములు ఒకదానికొకటి సందేశాన్ని కాపీ చేయకుండా, అది మెమరీలో ఎక్కడుందో చెప్పేవి. అందుకే అంత వేగం. అందరూ ఒకే మెమరీని చూస్తారన్న నమ్మకం మీద అంతా నిలబడింది కాబట్టి, తర్వాత రక్షణ చేర్చాలంటే ఉన్న ప్రోగ్రాములన్నీ చెడిపోతాయి.

వైరస్‌లు అంత సులువుగా వ్యాపించడానికి ఈ డిజైనే కారణమా?

చాలావరకు అవును. 1982లో ఆపిల్ 2 మీద వచ్చిన ఎల్క్ క్లోనర్, 1986 నాటి బ్రెయిన్ రెండూ ఫ్లాపీ బూట్ సెక్టారులో (యంత్రం ఆన్ అవగానే మొదట చదివే భాగంలో) దాక్కునేవి. ఆపరేటింగ్ సిస్టమ్ కంటే ముందే అవి నడిచేవి, తర్వాత ఆపేవాళ్ళు లేరు. అయితే రక్షణ ఉంటే వైరస్‌లు రావనుకోవడం పొరపాటు. 1988లో మోరిస్ వర్మ్ యూనిక్స్ యంత్రాలనే దెబ్బతీసింది.

ఇంగ్లీషు తప్ప వేరే లిపులు ఎందుకు చూపించలేకపోయేవి?

80 నిలువు గడులు, 25 వరుసలు కలిపి తెర మీద 2,000 గడులు. ఒక్కో గడికి అక్షరానికి ఒక బైటు, రంగుకు ఒక బైటు, మొత్తం 4,000 బైట్లు. ఒక బైటులో పట్టేది 256 ఆకారాలు, అవి కూడా కార్డు మీది రోమ్‌లో ముందే చెక్కేసి ఉంటాయి. వేల గుర్తులుండే చైనీస్, జపనీస్ అందులో ఇమడవు. పక్క అక్షరాన్ని బట్టి రూపం మారే అరబిక్ గానీ, గుణింతాలు, ఒత్తులు ఉండే లిపులు గానీ గడికో ఆకారం అనే పద్ధతికే లొంగవు. ఆ లిపులను చుక్కలుగా గీయాలంటే అదే తెరకు 16,000 బైట్లు, దానికి తగ్గ ప్రాసెసర్ వేగం కావాలి. అన్ని లిపులకూ ఒకే సంకేత పద్ధతి అనే ఆలోచన యూనికోడ్ ప్రమాణంగా అచ్చయింది 1991లో.

## మార్పు దశ: అతుకులు, కొత్త పునాదులు

1982లోనే 286లో రక్షణ వచ్చింది. డాస్‌ను అప్పుడే ఎందుకు మార్చలేదు?

286 ప్రొటెక్టెడ్ మోడ్‌లోకి (మెమరీ రక్షణ పనిచేసే తీరులోకి) వెళ్ళగలదు, 16 ఎంబీ చూడగలదు. ఒకసారి వెళ్ళాక పాత రియల్ మోడ్‌కు తిరిగి రావడానికి మాత్రం ఆదేశం లేదు. ప్రాసెసర్‌ను రీసెట్ చేయడమొక్కటే దారి. పీసీ ఏటీలో కీబోర్డు కంట్రోలర్‌తో ఆ రీసెట్ చేయించేవారు. పైగా సెగ్మెంట్ సంఖ్యకు అర్థమే మారిపోవడంతో పాత డాస్ ప్రోగ్రాములు కొత్త మోడ్‌లో నడవవు.

1987 డిసెంబరులో వచ్చిన ఐబీఎం, మైక్రోసాఫ్ట్‌ల కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఓఎస్/2 1.0ను 286 కోసమే రాశారు. అందులో ఒక్క డాస్ ప్రోగ్రామునే నడపగలిగేవారు, అదీ రక్షణ లేకుండా. జనం చేతిలో ఉన్నవి డాస్ ప్రోగ్రాములు. 1985లో వచ్చిన 386లో వర్చువల్ 8086 మోడ్ ఉంది. ఎన్నో డాస్ ప్రోగ్రాములను విడివిడి గదుల్లో పెట్టినట్టు ఒకదానికొకటి తగలకుండా నడపగలదు. అసలు పరిష్కారం అక్కడ దొరికింది, కానీ 386 యంత్రాలు అందరికీ అందేసరికి ఇంకొన్నేళ్ళు పట్టింది.

పాత ప్రోగ్రాములను వదిలేసి కొత్తగా మొదలుపెట్టొచ్చు కదా?

కొనేవాళ్ళ వైపు నుంచి చూడండి. ఒక సంస్థ తన లెక్కలన్నీ ఒక ప్రోగ్రాములో పెట్టుకుంది, సిబ్బందికి దాని మీద చేయి తిరిగింది. కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఎంత గట్టిదైనా, ఆ ప్రోగ్రాము నడవకపోతే వాళ్ళకు దానివల్ల లాభం లేదు. వాళ్ళను తప్పుపట్టడానికి వీల్లేదు.

ఆపిల్ అనుభవం కూడా ఇదే. తొలి మ్యాక్‌లోని 68000 చిరునామాలో 24 బిట్లే వాడుకునేది. 32 బిట్ల పాయింటరులో మిగిలిన పై 8 బిట్లను సిస్టమ్ తన గుర్తులు పెట్టుకోవడానికి వాడుకుంది. 128 కేబీ యంత్రంలో ఒక్క బైటు మిగిలినా లాభమే. తర్వాత ప్రాసెసర్లు 32 బిట్లనూ చిరునామాగా చదవడం మొదలుపెట్టేసరికి ఆ గుర్తులు చిరునామాలను పాడుచేశాయి. 1991లో సిస్టమ్ 7 వచ్చినా, మ్యాక్ 2 వంటి కొన్ని యంత్రాల రోమ్‌లోనే పాత అలవాటు ఉండిపోయింది. కొత్త పునాది కోసం తలపెట్టిన కోప్‌లాండ్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ పని 1996లో ఆగిపోయింది. అదే ఏడాది చివర ఆపిల్ స్టీవ్ జాబ్స్ కంపెనీ నెక్స్ట్‌ను కొనాలని నిర్ణయించుకుంది. ఆ పునాది మీద 2001లో మ్యాక్ ఓఎస్ టెన్ వచ్చింది. పాత ప్రోగ్రాముల కోసం అందులో ‘క్లాసిక్’ అనే ప్రత్యేక గది కట్టాల్సి వచ్చింది.

విండోస్ 95లో రక్షణ ఉందంటారు. మరి అది కూడా ఎందుకు పడిపోయేది?

32-బిట్ ప్రోగ్రాములకు విడి మెమరీ ఉంది, ప్రాసెసర్‌ను బలవంతంగా మార్చే మల్టీటాస్కింగ్ ఉంది. కానీ 16-బిట్ ప్రోగ్రాములన్నీ ఒకే మెమరీలో కలిసి ఉండేవి. కిటికీలు, బొమ్మలు నిర్వహించే కోడ్‌లో చాలాభాగం పాత 16-బిట్‌దే. అందులోకి ఒకసారి ఒక్కరే వెళ్ళాలని ఒక తాళం పెట్టారు. ఒక పాత ప్రోగ్రాము ఆ తాళం పట్టుకుని మొరాయిస్తే మిగతావన్నీ బయట ఆగిపోయేవి. సిస్టమ్ వాడే కొన్ని మెమరీ ప్రాంతాలు కూడా ప్రోగ్రాములకు తెరిచే ఉండేవి.

ఇదంతా తెలిసి చేసిందే. డేవ్ కట్లర్ బృందం రాసిన విండోస్ ఎన్‌టీ 1993లోనే వచ్చింది. అందులో రక్షణ పూర్తిగా ఉంది. కనీసం 12 ఎంబీ మెమరీ కావాలి. విండోస్ 95 కనీసం 4 ఎంబీలో నడవాలి, పాత డ్రైవర్లతో, పాత ఆటలతో సహా. ఇళ్ళలో వాడే మామూలు విండోస్ ఈ ఎన్‌టీ పునాది మీదకు మారింది 2001లో, ఎక్స్‌పీతో.

## ఈనాటి దశ

ఆ పరిమితుల్లో ఇంకా మిగిలి ఉన్నవేమిటి?

మొదటి డిస్కు సి: గానే మొదలవుతుంది, ఎందుకంటే ఏ:, బి: ఫ్లాపీలకు పోయాయి. పరికరాల పేర్ల నిషేధం నీడ ఇంకా ఉంది. పాత బయోస్ స్థానంలో వచ్చిన యూఈఎఫ్ఐ కంప్యూటర్‌ను మొదలుపెట్టడానికి చదివే డిస్కు విభాగం నేటికీ ఫ్యాట్ పద్ధతిలోనే ఉంటుంది. ఫ్యాట్32లో ఒక ఫైలు 4 జీబీని చేరలేదు, ఎందుకంటే ఫైలు పొడవుకు ఇచ్చింది 32 బిట్లు. కెమెరా కార్డులో పొడవైన వీడియో ముక్కలుగా పడటానికి ఇది ఒక కారణం.

పోయినవీ ఉన్నాయి. 64-బిట్ మోడ్‌లో నడుస్తున్న ప్రాసెసర్‌లో వర్చువల్ 8086 మోడ్ లేదు. అందుకే 64-బిట్ విండోస్‌లో డాస్ ప్రోగ్రాములు నేరుగా నడవవు. ఎమ్యులేటర్ కావాలి.

ఇలాంటి లెక్కలు ఇప్పుడు రాస్తున్న సాఫ్ట్‌వేర్‌లోనూ ఉంటాయా?

ఉంటాయి. సమయాన్ని 1970 నుంచి సెకన్లలో, గుర్తుతో కూడిన 32 బిట్లలో దాచే ప్రోగ్రాములకు 2038 జనవరి 19తో లెక్క అయిపోతుంది. విండోస్ 95లో మిల్లీసెకన్ల లెక్కకు వాడిన 32 బిట్లు 49.7 రోజులకు నిండిపోయి యంత్రం బిగుసుకుపోయేది. మీరు ఇవాళ ఏదైనా ఫైలు ఫార్మాట్ గానీ, నెట్‌వర్క్ సందేశం గానీ డిజైన్ చేస్తుంటే, ప్రతి సంఖ్యకూ ఎన్ని బిట్లు ఇచ్చారో, అది ఎప్పటికి నిండుతుందో పక్కనే రాసి పెట్టండి. వెర్షన్ సంఖ్య కోసం ఒక గడి కూడా వదలండి.